పాత ఫ్రెంచి ఫ్యాషన్ ప్లేటు: అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? విశాఖ తేమలో ఎలా దాచాలి?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ):
పారిస్ ఫ్యాషన్ పత్రిక ‘లా మోద్ ఇలుస్త్రే’లోదని చెప్పి అమ్మిన ప్లేటు (దుస్తుల తీరు చూపే అచ్చు బొమ్మ) నా దగ్గరుంది. కింద చిత్రకారిణి అనాయిస్ టుడూజ్ సంతకం ఉంది. చేత్తో రంగు వేసినదా, ఈమధ్య అచ్చేసిన కాపీయా? ఇల్లు సముద్రానికి దగ్గర. పటం కట్టించవచ్చా?

జవాబు 1:
ముందు పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం తెచ్చుకోండి. రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అది ఇప్పటి ఆఫ్‌సెట్ కాపీ. అసలుదైతే నల్ల గీతలు తెగకుండా సన్నగా సాగుతాయి. వాటి మీద వాటర్‌కలర్ పలచగా పరుచుకుని, అక్కడక్కడా గీత దాటి పోతుంది. ఆ దాటడం లోపం కాదండి, అదే మంచి గుర్తు. రంగులు వేసింది వర్క్‌షాపుల్లో ఆడవాళ్లు. ఒక్కొక్కరు ఒక్కో రంగు వేసి పక్కవారికి అందించేవారు. అందుకే ఒకే సంచికకు చెందిన రెండు ప్రతుల్లో రంగు ఛాయలు కొద్దిగా తేడాగా ఉంటాయి.

వెల్వెట్, సిల్కు దగ్గర ప్లేటును వాలుగా పట్టుకుని చూడండి. మెరుపు కోసం అక్కడ గమ్ అరబిక్ (తుమ్మజాతి చెట్టు బంక) పూసేవారు. అది నీళ్లకు కరిగిపోతుంది, తడి గుడ్డ అస్సలు తగలనీయకండి.

పత్రిక మొదలైంది 1860లో కాబట్టి ప్లేటు మీద అంతకంటే ముందు సంవత్సరం ఉంటే అనుమానించాల్సిందే. అనాయిస్, ఆమె అక్క ఎలోయిజ్ లెల్వార్, చెల్లెలు లోర్ నోయెల్ చిత్రకారుడు కొలాఁ కూతుళ్లు. ముగ్గురూ ఈ రంగంలో పేరున్నవాళ్లే. సంతకం ఒక్కటే చూసి నమ్మకండి, కాపీలోనూ సంతకం అచ్చవుతుంది.

జవాబు 2:
పటం గురించి. మామూలు షాపుల్లో వెనక హార్డ్‌బోర్డు పెట్టి, నాలుగు వైపులా ఫెవికాల్ అంటిస్తారు. తేమకు కాగితం సాగుతుంది. సాగడానికి చోటు లేక అలలు తేలుతుంది. పైఅంచున రెండే చోట్ల, జపనీస్ టిష్యూ (పలచని, గట్టి కాగితం) ముక్కలతో వేలాడదీయమనండి. మైదా జిగురు వద్దు, పురుగులు పడతాయి. గ్లూటెన్ తీసిన గోధుమ స్టార్చ్ వాడాలి. బోర్డు ఆమ్లం లేనిదై ఉండాలి. గాజు కాగితానికి ఆనకూడదు, మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) మందమైనా ఎడం ఉంచాలి. ఆనితే చెమ్మ అక్కడే నిలిచి గోధుమ రంగు మచ్చలు వస్తాయి.

తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది, మన వానాకాలంలో అది రోజూ దాటుతుంది. అందుకే బయటి గోడకు తగిలించకండి, లోపలి గోడే మేలు. ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయి, అదీ చూసుకోండి.

జవాబు 3:
ఒక హెచ్చరిక. కొట్టొచ్చినట్టుండే ఆకుపచ్చ రంగు ఉంటే అది ఆర్సెనిక్ అనే విషం కలిసిన ఎమరాల్డ్ గ్రీన్ కావచ్చు. గ్లవ్స్ వేసుకుని పట్టుకోండి, పొడి రాలుతుంటే బ్రష్‌తో దులపకండి. అలాంటి ప్లేటును గోడకు కాకుండా ఆమ్లం లేని ఫోల్డర్‌లో, మూత ఉన్న పెట్టెలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో ఉంచండి. ఆ జెల్‌లోని నీలం గింజలు గులాబీ రంగుకు మారగానే వాటిని మార్చేయండి.