పేపర్లో తప్పు వార్త వచ్చింది, ప్రెస్ కౌన్సిల్‌కి ఎలా రాయాలి?

ప్రశ్న:
మా బాబాయిది చిన్న కిరాణా కొట్టు. ఐదు వారాల క్రితం అధికారులు నూనె శాంపిల్ పట్టుకెళ్లారు. మర్నాడే ఒక దినపత్రిక జిల్లా పేజీలో, కొట్టు బోర్డు ఫొటోతో సహా ‘కల్తీ నూనె పట్టివేత’ అని వేసేశారు. తీరా రిపోర్టులో నూనె బాగానే ఉందని వచ్చింది. విలేకరిని అడిగితే ‘హెడ్డింగ్ నాది కాదండీ, డెస్క్‌లో పెట్టారు’ అంటున్నాడు. ప్రెస్ కౌన్సిల్ నష్టపరిహారం ఇప్పిస్తుందా?

జవాబు (ఒకప్పుడు డెస్క్‌లో, అంటే వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టే విభాగంలో పనిచేశాను):
ఇప్పించదండీ. ప్రెస్ కౌన్సిల్ అంటే పత్రికల మీద ఫిర్యాదులు వినే సంస్థ. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 14వ సెక్షన్ కింద అది పత్రికను హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేసే అధికారం లేదు. డబ్బు కావాలంటే కోర్టులో పరువు నష్టం దావా వేసుకోవాలి. కోర్టులో ఉన్న విషయాన్ని మాత్రం కౌన్సిల్ ముట్టుకోదు. ఏ దారో ముందే తేల్చుకోండి.

విలేకరితో వాదన వదిలేయండి. హెడ్డింగ్ ఎవరు పెట్టినా బాధ్యత ఎడిటర్‌ది. ముందు ఆయనకే స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి, రిపోర్టు కాపీ పెట్టండి. ‘మా పరువు తీశారు’ అని రెండు పేజీలు రాస్తే ఎవరూ చదవరు. ‘ఫలానా తేదీ, ఫలానా పేజీ. శాంపిల్ తీసుకున్నది నిజం, కల్తీ అన్నది అబద్ధం’ అని రాసి, సవరణ అదే పేజీలో, అంతే కనబడేలా వేయమని అడగండి. లేకపోతే పెళ్లి ప్రకటనల కింద రెండు లైన్లు వేసి ఊరుకుంటారు.

ప్రశ్న:
గడువేమైనా ఉందా? వాళ్ల యూట్యూబ్ ఛానెల్లో కూడా వచ్చింది.

జవాబు:
దినపత్రికకైతే అచ్చయిన రోజు నుంచి రెండు నెలలే. మీకు నాలుగు వారాలు కూడా మిగల్లేదు. ఎడిటర్ పట్టించుకోకపోతే క్లిప్పింగ్, దాని ఇంగ్లీషు అనువాదం, మీ ఉత్తరం కాపీ, జవాబొస్తే అదీ, కోర్టులో కేసు లేదన్న డిక్లరేషన్ కలిపి ఢిల్లీకి పంపాలి. ఫీజు లేదు. యూట్యూబ్ వీడియో కౌన్సిల్ పరిధిలోకి రాదు.

ఇంకొకరు:
కోరల్లేని పాముకి రాసి ఏం లాభం?

జవాబు:
కోరల్లేవు, నిజమే. అయినా ఎమర్జెన్సీలో దాన్నీ రద్దు చేశారు, 1979లో మళ్లీ పెట్టారు. ఛైర్మన్ కాక 28 మంది సభ్యులుంటే, ఎక్కువమంది పత్రికలవాళ్లే. తోటివాళ్ల ముందు తలవంపులంటే ఎడిటర్లకి టెన్షనే. మా డెస్క్‌లో చూశాను.

ప్రశ్న అడిగినవారు:
ఎడిటర్ పేరు ఒక పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది. ఉత్తరం ఇప్పుడే పోస్టు చేసొచ్చాను, రసీదు బాబాయి గల్లాపెట్టెలో పెట్టాడు.