భరతుడి పతకంలోవి ఏ పచ్చలు?

కోనసీమకొబ్బరి: భక్త రామదాసు కీర్తన "ఇక్ష్వాకు కులతిలక"లో ఒక చరణం రెండ్రోజులుగా బుర్ర తినేస్తోంది. "చేయిస్తి పచ్చల పతకము రామచంద్రా" అన్నదానికి ముందు లక్ష్మణుడా, భరతుడా? మా అమ్మ లక్ష్మణుడనే పాడుతుంది. ఎందుకు గుర్తొచ్చిందంటే, చెల్లి పెళ్ళికి పచ్చల నెక్లెస్ చూద్దామని రాజమండ్రి వెళ్తే షాపతను రెండు సెట్లు ముందు పెట్టి "రెండూ పచ్చలేనండి" అన్నాడు. ఒకటి ముదురు రంగు, ఒకటి కాస్త చిలకపచ్చ, ధరల్లో మాత్రం ఎక్కడా పొంతన లేదు. పాటలో పచ్చలంటే మరకతాలేనా, ఆకుపచ్చగా ఉన్న ప్రతి రాయీ పచ్చేనా?

ఉప్పలగుప్తం మాస్టారు: భరతునకే నాయనా. లక్ష్మణుడిది ముత్యాల పతకం, సీతమ్మది చింతాకు పతకం. ఇక పచ్చంటే మరకతమే. సంస్కృత నిఘంటువు అమరకోశంలో "గారుత్మతం మరకతమశ్మగర్భో హరిన్మణిః" అని నాలుగు పేర్లు చెప్పాడు, నాలుగూ ఆ ఒక్క రాయికే. ఇందులో చర్చకేముంది?

గోదారిగట్టు: ఎందుకు లేదు మాస్టారూ? పచ్చ అంటే పసుపు కూడా. పచ్చకామెర్లొస్తే కళ్ళు ఆకుపచ్చగా అవుతాయా? భరతుడికి చేయించింది పుష్యరాగాల పతకం ఎందుకు కాకూడదని నా చిరకాల అనుమానం.

ఉప్పలగుప్తం మాస్టారు: మీ అనుమానం చిరకాలంగా మేమూ వింటున్నాం. రంగు చెప్పే పచ్చకి బహువచనం రాదు. పచ్చగడ్డి, పచ్చని కాపురం. "పచ్చలు" అని లెక్కపెట్టామంటే అది రాయే. కెంపూ అంతే, కెంపు రంగున్నవన్నీ కెంపులైపోవు కదా.

భజనపాలకొల్లు: మేం "పచ్చలా పతకము" అని పాడతామండి. ఆ "లా" దగ్గర దీర్ఘం తీయకపోతే పాటకి అందమే లేదు, మా గురువుగారు అలాగే నేర్పారు.

ఉప్పలగుప్తం మాస్టారు: అది తాళం కోసం సాగదీసిన దీర్ఘం. మాటలో ఉన్నది హ్రస్వం.

భజనపాలకొల్లు: గోల్కొండ చెరసాల్లో రామదాసుగారు మాట్లాడలేదు కదండీ, పాడారు. ఆయ్.

కంసాలివీధి: దీర్ఘం సంగతి మీరు తేల్చుకోండి గానీ ఆ అబ్బాయి డబ్బులు పెట్టి కొనబోతున్నాడు. తమ్ముడూ, మా ఇంట్లో నాన్నగారి నుంచీ ఇదే పని. నువ్వు చెప్పిన చిలకపచ్చది పెరిడాట్ అనే వేరే రాయి కావచ్చు. దానికి ఆ రంగు ఇనుము వల్ల, అందుకే ఎంత చూసినా పసుపు ఛాయ పోదు. పదింతలు చూపించే లెన్స్ అడిగి రాయి పైనుంచి వెనకవైపు పలకల అంచులు చూడు. పెరిడాట్ అయితే ఒక్కో అంచు రెండుగా కనిపిస్తుంది, పచ్చలో అలా కనిపించదు. పచ్చలో కనిపించేది లోపలి నాచు, సన్నటి పగుళ్ళు. పెద్ద రాయి, కారుచౌక, లోపల ఒక్క మరకా లేదంటే మాత్రం మురిసిపోకు. గుండ్రని బుడగలుంటే గాజు. పగుళ్ళలో రంగు చిక్కగా పేరుకుని మిగతా రాయి వెలిసినట్టుంటే రంగేసిన క్వార్ట్జ్. ల్యాబ్‌లో పెంచిన పచ్చలూ ఉన్నాయి, వాటిని కంటితో పట్టుకోవడం మా తరమూ కాదు, ల్యాబ్ సర్టిఫికెట్ అడగాల్సిందే. ఇక అసలు పచ్చ అయినా పగుళ్ళు కనపడకుండా నూనె పట్టించడం మామూలే, అది మోసం కాదు, చెప్పకపోతేనే మోసం. అలాంటి నగని వేడినీళ్ళలోగానీ అల్ట్రాసోనిక్ మెషీన్లోగానీ కడిగిస్తే నూనె పోయి పగుళ్ళు బయటపడతాయి.

కోనసీమకొబ్బరి: అన్నా, ఇంకో షాపులో సావరైట్ అని చూపించారు, పచ్చకన్నా బాగా మెరిసింది.

కంసాలివీధి: అది గార్నెట్ జాతి. మెరుపు ఎక్కువే, నూనె గొడవా ఉండదు. నన్నడిగితే రోజూ పెట్టుకునే ఉంగరానికి నూనె పట్టించిన పచ్చకన్నా అదే నయం. తూర్పు ఆఫ్రికాలో 1967లో బయటపడిన రాయి, కాబట్టి భరతుడి పతకంలో ఉండే అవకాశమే లేదు. ఆ మాటకొస్తే మన రాజస్థాన్ పచ్చల గనులు కూడా 1940ల్లో వెలుగుచూసినవే. గోల్కొండ నవాబుల కాలంలో దక్కన్‌కి వచ్చిన మేలిరకం పచ్చలు ఎక్కువగా కొలంబియావి, గోవా మీదుగా వచ్చేవి.

గోదారిగట్టు: రాములవారి తమ్ముడి పతకంలో కొలంబియా రాళ్ళా! నా పుష్యరాగమే నయం.

భజనపాలకొల్లు: రాయి ఎక్కడిదైతే ఏంటండీ, ఆ పతకం ఇప్పటికీ భద్రాచలంలో ఉంది, కల్యాణానికి స్వామికి పెడతారు. నాకు మాత్రం ఆ పాటలో నగలన్నీ ఒక ఎత్తు, "ఎవరబ్బ సొమ్మని" ఒక ఎత్తు. అంతమాట అనేసి, వెంటనే "అబ్బా తిట్టితినని ఆయాసపడవద్దు" అని బతిమాలుకుంటాడు చూడండి, ఆ చనువు ఇంకెవరికీ రాదు.

ఉప్పలగుప్తం మాస్టారు: అది నిజం. త్యాగయ్య కూడా రాముణ్ణి నిలదీశాడు గానీ ఇలా ఖర్చుల లెక్క చెప్పి నిలదీసింది ఈయనే. తాసీల్దారు కదా. "పట్టె పదివేల వరహాలు" అని ప్రతి నగకీ పద్దు రాసినట్టే ఉంటుంది.

భజనపాలకొల్లు: వరహాలు కాదు మాస్టారూ, అక్కడ మొహరీలు.

ఉప్పలగుప్తం మాస్టారు: మొలతాడుకి మొహరీలు. పతకానికి వరహాలు.

గోదారిగట్టు: ఏ పతకానికి? సీతమ్మ దానికా, భరతుడి దానికా?

కోనసీమకొబ్బరి: మా అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. భరతుడైతే భరతుడే, మొహరీలు మాత్రం సీతమ్మ పతకానికే అంటోంది. చెల్లేమో ముత్యాలు చాలంటోంది. లెన్స్ ఎక్కడ దొరుకుతుందన్నా?

భజనపాలకొల్లు: అమ్మగారే కరెక్టు. మా భజన పుస్తకంలో పేజీ ఫొటో సాయంత్రం పెడతాను.