చావులు తక్కువున్న దేశాల్లోనూ రోటా టీకా అవసరమా?

సందేహాలరావు:
రోటావైరస్ విరేచనాలతో పిల్లలు చనిపోయేది ఎక్కువగా పేద దేశాల్లోనే. డబ్బున్న దేశాల్లో ఓఆర్ఎస్ ఉంది, సెలైన్ ఉంది, వారంలో దానంతట అదే తగ్గే జబ్బు. దానికి పుట్టిన ప్రతి బిడ్డకీ టీకా ఎందుకు? ఆ డబ్బు మంచినీళ్లకి, మరుగుదొడ్లకి పెడితే అన్ని విరేచనాలూ తగ్గుతాయి కదా. కాదనేవాళ్లు లెక్కలతో రండి.

పిల్లలవార్డు:
"దానంతట అదే తగ్గుతుంది" అని రాయడం తేలికండీ. చెంచాడు ఓఆర్ఎస్ పోస్తాం, కక్కేస్తాడు, పది నిమిషాలాగి మళ్లీ చెంచాడు, ఇలా రాత్రంతా. పొద్దుటి నుంచి డైపర్ తడవలేదు, ఏడుస్తున్నాడు కానీ కన్నీళ్లు లేవు, మాడు గుంట పడింది అంటే ఇక సెలైనే, ఆ ఎండిపోయిన చేతిలో నరం దొరికితే అదృష్టం. యాంటీబయాటిక్ దీనికి పనిచేయదు. మంచినీళ్లు కావాల్సిందే కానీ దీన్ని ఆపడానికి అవి చాలవు. టీకా రాకముందు ఐదేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకీ సోకేది, శుభ్రమైన దేశాల్లో కూడా. బొమ్మల మీద రోజుల తరబడి బతికే వైరస్ ఇది.

లెక్కలపిచ్చి:
లెక్కలు అడిగారుగా. అమెరికాలో పిల్లలందరికీ ఈ టీకా మొదలైన 2006కి ముందు ఏడాదికి చావులు 20 నుంచి 60. అక్కడే ఆగితే మీదే రైటు. కానీ ఆసుపత్రిలో చేరినవాళ్లు 55 వేల నుంచి 70 వేలు, మొత్తం నష్టం సుమారు 100 కోట్ల డాలర్లు. అందులో వైద్యం బిల్లు కన్నా అమ్మానాన్నలు పని మానుకున్న నష్టమే పెద్దది. ఎవరూ రశీదు ఇవ్వరు కాబట్టి అది మనకి కనపడదు, అంతే.

సందేహాలరావు:
మరి 1998లో వచ్చిన మొదటి టీకాని 1999లోనే ఎందుకు వెనక్కి తీసుకున్నారు?

పిల్లలవార్డు:
కొందరు పిల్లల్లో పేగులోకి పేగు దూరింది కాబట్టి. అందుకే ఆ తర్వాత వచ్చిన రెండు టీకాలనీ ఒక్కోదాన్ని 60 వేల మందికి పైగా పసిపిల్లలతో చేసిన ట్రయల్స్‌లో పరీక్షించారు. రిస్క్ సున్నా అనను, 20 వేల నుంచి లక్ష మందిలో ఒకరికి రావచ్చు. టీకా వేశాక బిడ్డ కాళ్లు ముడుచుకుని ఆగి ఆగి ఏడ్చినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే పరుగెత్తాలి.

మధ్యేమార్గం:
అసలు తిరకాసు ఎవరూ ఎత్తలేదు. చావులు ఎక్కువున్న చోటే ఈ టీకా తక్కువ పనిచేస్తుంది, సంపన్న దేశాల్లో తీవ్రమైన జబ్బుని 85 శాతం పైన ఆపితే పేద దేశాల్లో సుమారు సగమే. అయినా పెద్ద సంఖ్యలో సగం అంటే ఎక్కువ ప్రాణాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో అన్ని దేశాలకీ సిఫారసు చేసింది అందుకే.

సందేహాలరావు:
సరే, నీళ్ల వాదన వెనక్కి తీసుకుంటున్నా. ధర సంగతి మాత్రం వదలను. బ్రిటన్ నిపుణుల కమిటీ కూడా 2009లో అప్పటి ధరకి గిట్టుబాటు కాదంది, అక్కడ అందరికీ వేయడం మొదలైంది 2013లో. డోసు ఎంతకి కొంటున్నారో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.