సింగపూర్‌లో ఫ్లాటు అమ్మకానికీ, నగర జనాభాలో జాతుల శాతాలకూ లంకె ఏమిటి?

సెంగ్‌కాంగ్ నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేము సింగపూర్‌కు వచ్చి పద్నాలుగేళ్లయింది. పౌరసత్వం తీసుకొని నాలుగేళ్లు. తొమ్మిదేళ్ల క్రితం రీసేల్‌లో (పాత యజమాని నుంచి) కొన్న హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఫ్లాటును, పెద్దవాడి బడికి దగ్గరగా మారదామన్న ఉద్దేశంతో ఈ మధ్య అమ్మకానికి పెట్టాము. రెండో వారంలోనే ఒక చైనీయ దంపతులు వచ్చి, వంటింటి అరలకు కూడా టేపు పెట్టి కొలుచుకొని, మేము చెప్పిన ధరకు పెద్దగా బేరమాడకుండానే ఒప్పుకొన్నారు. మరునాడు మా ఏజెంటు ఫోన్ చేసి, మా బ్లాకులో చైనీయుల కోటా (ఒక్కో జాతి ఇళ్లకు విధించిన పరిమితి) నిండిపోయింది కనుక వారికి అమ్మడం కుదరదని చెప్పారు. భారతీయుల కోటాలో మాత్రం ఇంకా ఖాళీ ఉందట. మేము భారతీయులమే, ఖాళీ ఉన్నదీ మా కోటాలోనే. మరి అడ్డు ఎక్కడ వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు బోధపడలేదు.

రెండో సందేహం. 2020 జనగణన ప్రకారం ఇక్కడ చైనీయులు 74.3 శాతం, మలయులు 13.5 శాతం, భారతీయులు 9 శాతం, ఇతరులు 3.2 శాతం అని చదివాను. నేను రోజూ రైల్లో చూసే మనుషులకూ ఈ అంకెలకూ పొంతన కుదరడం లేదు. ఇవి ఎవరిని లెక్కించి తీసిన శాతాలు? అందులో మన తెలుగువాళ్లం ఎక్కడ ఉన్నట్టు? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

పాతకాపు (జవాబు):

మీ మొదటి సందేహం చాలామందికి వచ్చేదే. మేము ఇల్లు అమ్మినప్పుడు నేనూ ఇలాగే తికమకపడ్డాను. కోటాను అమ్మేవారి జాతిని బట్టి చూడరు. అమ్మకం పూర్తయ్యాక ఆ బ్లాకులో నిష్పత్తి ఎలా మారుతుందన్నదే చూస్తారు. మీరు వెళ్లి చైనీయ కుటుంబం వస్తే బ్లాకులో ఒక భారతీయ ఇల్లు తగ్గి, ఒక చైనీయ ఇల్లు పెరుగుతుంది. చైనీయుల పరిమితి అప్పటికే నిండి ఉన్నప్పుడు దానికి అనుమతి దొరకదు. అదే మీ పక్కింటి చైనీయులు మరో చైనీయ కుటుంబానికి అమ్ముకుంటే నిష్పత్తి కదలదు కనుక ఎవరూ అడ్డుపెట్టరు. ఒకే నడవాలో ఎదురెదురు తలుపులున్న రెండు ఇళ్లలో ఒకదానికి ఊరంతా కొనుగోలుదారులే, రెండోదానికి గుప్పెడు మందే అన్నమాట.

ఈ విధానం 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు పేట మొత్తానికి చైనీయులకు 84, మలయులకు 22, భారతీయులూ ఇతరులూ కలిపి 12 శాతం. ఒక్కో బ్లాకుకు వరుసగా 87, 25, 15 శాతం. మన పరిమితి మొదట్లో పేటకు 10, బ్లాకుకు 13గా ఉండేది, 2010లో పెంచారు. ఈ మూడు అంకెలనూ కూడితే వంద దాటడం చూసి కంగారు పడకండి. అవి వాటాలు కావు, ఒక్కో వర్గానికి విధించిన పైహద్దులు మాత్రమే.

ఇక చేయవలసినది. కోటా వివరాలు ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతాయి కనుక ఈ నెల మూసుకున్న దారి వచ్చే నెల తెరుచుకోవచ్చు. హెచ్‌డీబీ సైటులో మీ బ్లాకు నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు, ఏజెంటు మీద ఆధారపడనక్కరలేదు. అమ్ముకోలేక నిజంగా ఇబ్బంది పడుతున్నవారి నుంచి హెచ్‌డీబీయే ఫ్లాటు తిరిగి కొనే ఏర్పాటు 2022లో వచ్చింది కానీ, దానికి షరతులు ఉన్నాయి, అది చివరి మెట్టు అనుకోండి. మరొక మాట: కొనడానికి వచ్చే మనవాళ్లు పీఆర్‌లైతే (పౌరసత్వం లేని శాశ్వత నివాసులైతే) వారికి ఇంకో జల్లెడ కూడా ఉంది. మలేషియావారు కాని పీఆర్ కుటుంబాలు పేటలో 5 శాతం, బ్లాకులో 8 శాతం దాటకూడదు. అడ్వాన్సు మాట ఎత్తకముందే ఆ సంగతి కనుక్కోండి.

లెక్కల మాస్టారు (జవాబు):

రెండో ప్రశ్నకు నేను చెబుతాను. శాతం చూసినప్పుడు మొదట అడగవలసినది, అది దేనిలో శాతం అని. 2020లో సింగపూర్ మొత్తం జనాభా సుమారు 56.9 లక్షలు. అందులో పౌరులు 35.2 లక్షలు, పీఆర్‌లు 5.2 లక్షలు, ఈ 40.4 లక్షలలో తీసినవే మీరు చెప్పిన 74.3, 13.5, 9, 3.2. మిగిలిన 16 లక్షల పైచిలుకు మంది, అంటే వర్క్ పర్మిట్ల మీద భవనాలు కట్టే బంగ్లాదేశీ, భారతీయ, చైనా కార్మికులు, ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మయన్మార్ స్త్రీలు, ఎంప్లాయ్‌మెంట్ పాసుల మీద ఉన్న ఉద్యోగులు, ఈ శాతాల్లో లేరు. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డులో నిలబడి చూసేవారికి నగరం ఒకలా, పట్టికలో చూసేవారికి మరొకలా కనబడడానికి కారణం ఇదే. మీరు పాసు మీద ఉన్నన్నాళ్లు మీరు కూడా ఆ తొమ్మిది శాతంలో లేరు. పీఆర్ వచ్చిన తర్వాతే అందులో చేరారు.

ఆ తొమ్మిది కూడా స్థిరంగా ఉన్న అంకె కాదు. 1990లో భారతీయుల వాటా 7.1 శాతం, 2010 నాటికి 9.2. ఆ ఇరవై ఏళ్లలో మనలాంటి చదువుకున్న వలసదారులు వచ్చి స్థిరపడడమే అందుకు ముఖ్య కారణం. ఇంకా వెనక్కి వెళ్తే చిత్రం తలకిందులవుతుంది. 1824లో జరిపిన తొలి లెక్కింపులో ఊరి జనాభా మొత్తం 10,683. మలయులు 4,580, చైనీయులు 3,317, బుగీలు (సులవేసి దీవి నుంచి వచ్చినవారు) 1,925, భారతీయులు 756, యూరోపియన్లు 74, ఆర్మేనియన్లు 16, అరబ్బులు 15. నాకు ఈ పట్టికలో అన్నిటికన్నా నచ్చేది ఆ పదహారు మంది ఆర్మేనియన్లకు, పదిహేను మంది అరబ్బులకు చెరొక గడి ఉండడం. నేటి నాలుగు పెద్ద గడుల్లో వీరి పేరు కనబడదు; బుగీలు మలయులలో కలిసిపోయారు.

తెలుగువారి సంగతీ అంతే. ఇక్కడ 'ఇండియన్' అంటే భారతదేశమే కాదు, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక మూలాలవారు కూడా అందులోకే వస్తారు. ఆ గడిలో సగానికి పైగా తమిళులు. గుర్తింపు కార్డు మీద జాతి అన్నచోట 'తెలుగు' అని రాయించుకున్నవారు ఉన్నా, ఇల్లు కొనే లెక్క దగ్గరికి వచ్చేసరికి అది 'ఇండియన్' కిందికే పోతుంది.

తోపాయో అత్తయ్య (జవాబు):

మాస్టారు గారు అంకెలు చక్కగా విడమరిచారు. అయితే ఈ కోటా ఎందుకు పుట్టిందో కూడా చెప్పకపోతే, కొత్తగా వచ్చినవారికి అది అధికారుల మొండితనంలా తోస్తుంది. 1964లో ఇక్కడ జూలైలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి చైనీయులకూ మలయులకూ మధ్య అల్లర్లు జరిగి ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కంపొంగుల (పాత పల్లెల) నుంచి జనాన్ని ఫ్లాట్లలోకి తరలించినప్పుడు అందరూ కలిసే దిగారు కానీ, రీసేల్ మొదలయ్యాక ఎవరికి వారు తమవాళ్లు ఉన్నచోటికి చేరుకోసాగారు. బెడోక్, తాంపినీస్‌లలో మలయులు, హౌగాంగ్‌లో చైనీయులు చిక్కబడుతున్నారని 1980ల చివర ప్రభుత్వం గమనించింది. జనంలో నూటికి ఎనభై మంది ఉండేది హెచ్‌డీబీ ఇళ్లలోనే కాబట్టి, మార్చదలిస్తే అక్కడే మార్చాలి.

నేను 1996 నుంచి ఇదే బ్లాకులో ఉంటున్నాను. మా ఎదురింటి మలయు ఆవిడ హరిరాయకు (రంజాన్ పండుగకు) పంపే డబ్బా ఖాళీగా తిరిగి పంపకూడదని, ఉగాదికి బొబ్బట్లు పెట్టి ఇస్తాను. కోటా లేకపోతే ఆవిడ నా ఎదురింట్లో ఉండేదని నేను అనుకోను. కాబట్టి విధానం తప్పని అనలేను. కానీ దాని ఖరీదు అందరి మీదా సమానంగా పడటం లేదన్నది కూడా నిజమే. కొనేవారిలో ఎక్కువమంది చైనీయులు. వారికి అమ్మే దారి మూసుకుంటే మలయు, భారతీయ కుటుంబాలు ధర తగ్గించుకోక తప్పడం లేదు. మా అమ్మాయి పెళ్లిలో ఇంకో చిక్కు వచ్చింది. అల్లుడు చైనీయుడు; మనవడికి 2011 నుంచి ఉన్న జంట జాతి వీలు కింద 'చైనీస్-ఇండియన్' అని రాయించారు. కోటా లెక్కలో మాత్రం గీతకు ముందున్న మాటే చెల్లుతుంది. ఏది ముందు రాయాలన్నదానిపై వియ్యంకుల ఇంట్లో భోజనాల దగ్గర గంటసేపు చర్చ జరిగింది, నేను మాట్లాడకుండా పప్పు వడ్డించాను.

సెంగ్‌కాంగ్ నివాసి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. రాత్రి బ్లాకు నంబరు కొట్టి చూశాను. పాతకాపు గారు చెప్పినట్టే మాకు మలయులకో, భారతీయులకో, ఇతరులకో అమ్మే వీలు మాత్రమే ఉంది. ఆ చైనీయ దంపతులు ఒకటో తారీఖు వరకు ఆగుతామన్నారు. ఈలోగా విజయవాడ నుంచి వచ్చిన ఒక కుటుంబం శనివారం ఇల్లు చూడటానికి వస్తోంది. వారు పీఆర్‌లట, ఆ రెండో జల్లెడ సంగతి ముందే అడుగుతాను.

పాతకాపు:

బ్లాకు లెక్క ఒక్కటే కాదు, పేట లెక్క కూడా చూడండి. రెండింటిలోనూ చోటు ఉంటేనే అమ్మకం నిలుస్తుంది.