వేసవి సెలవుల్లో చిన్నపిల్లల చేత ఏం రాయించాలి? (చూచిరాత కాకుండా)

ప్రశ్న

బాబు ఒకటో తరగతి పూర్తిచేశాడు, పాప మూడో తరగతి. రాత పోకూడదని రోజుకు రెండు పేజీల చూచిరాత పెడుతున్నాం. బాబు మొదటి నాలుగు వరుసలు గుండ్రంగా రాస్తాడు, తర్వాతవన్నీ గీకేస్తాడు. పాప దస్తూరి బాగుంటుంది, గుణింతాలు తప్పవు. కానీ సొంతంగా రాయమంటే మూడు వాక్యాల దగ్గర ఆగిపోతుంది. డైరీ రాయమంటే రోజూ అదే: 'లేచాను, తిన్నాను, ఆడుకున్నాను, పడుకున్నాను.' ఎంతసేపు రాయించాలి? ఏం రాయించాలి?

జవాబు 1

ముందు బాబు సంగతి. నాలుగు వరుసల తర్వాత గీకడం బద్ధకం కాదండి, వేళ్లు అలిసిపోవడం. ఆ వయసుకు ఒక విడతలో పది నిమిషాలు చాలు, పాపకు ఇరవై. రెండు పేజీలు అని లెక్క పెడితే పిల్లలు పేజీ నింపడం మీదే దృష్టి పెడతారు. గడియారం చూసి ఆపేయండి, వాక్యం సగంలో ఉంటే అది మాత్రం పూర్తిచేయనివ్వండి.

పెన్సిల్ ఎలా పట్టుకుంటున్నాడో చూడండి. బొటనవేలు, చూపుడువేలు పట్టుకోవాలి, మధ్యవేలు కింద ఆసరా ఇవ్వాలి. పిడికిలితో పట్టేవాళ్లకు పొట్టి పెన్సిల్ ముక్క ఇస్తే మూడు వేళ్లకు తప్ప చోటుండదు, పట్టు దానంతట అదే మారుతుంది. గట్టిగా నొక్కి రాస్తుంటే హెచ్‌బీ బదులు 2బీ ఇవ్వండి, తక్కువ ఒత్తిడికే నల్లగా పడుతుంది. కుడిచేతివాటమైతే కాగితం పైభాగం కాస్త ఎడమకు, ఎడమచేతివాటమైతే కుడికి వాలి ఉండాలి. కాళ్లు గాలిలో వేలాడకుండా కింద పీట వేయండి.

ఇంకొకటి, తెలుగుకు ఇరుకు గీతల నోటుపుస్తకం పనికిరాదు. పై వరుసలోని వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతాయి. అందుకే పిల్లలు వత్తును పక్కకు జరిపి, అక్షరమంత పెద్దగా రాసేస్తారు. వరుస విడిచి వరుస రాయించండి.

జవాబు 2

చూచిరాత వేళ్లకు సాధన, అంతే. ఏం రాయాలో ఆలోచించే పని అందులో లేదు, కాబట్టి పాప ఇబ్బంది దాంతో తీరదు.

డైరీ మానొద్దు. ఆ నాలుగు మాటల్లో ఒకదాన్నే పట్టుకోండి. 'ఆడుకున్నాను' అంది కదా: ఏ ఆట, ఎవరెవరు, గొడవ ఎక్కడొచ్చింది, ఎలా తేలింది? రెండు మూడు నిమిషాలు నోటితో చెప్పించి, వెంటనే రాయమనండి. మాట్లాడకుండా కాగితం ముందు కూర్చోబెడితే తెలిసినవి కూడా గుర్తుకురావు.

తనకు బాగా వచ్చిన పని 'ఎలా చేయాలి' అని రాయించడం ఈ వయసుకు అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. కాగితం పడవ తీసుకోండి, ఐదారు మెట్లు చాలు. పాప రాసిందాన్ని మీరు ఉన్నదున్నట్టు చదువుతూ మడవండి. 'మడవాలి' అని మాత్రమే ఉంటే, నిలువునో అడ్డంగానో మీ ఇష్టం వచ్చినట్టు మడవండి. పడవ రాదు. ఏ మాట తప్పిపోయిందో తనకే కనిపిస్తుంది, వెళ్లి చేర్చుకుంటుంది. చేతికి రాని పనిని మాత్రం ఎంచుకోవద్దు.

బాబుకు వేరే దారి. తను చెబుతాడు, మీరు రాస్తారు. 'కుక్క ఉరికింది' అంటే 'ఉరికింది' అనే రాయండి, 'పరుగెత్తింది' అని దిద్దొద్దు. మాట మారితే తిరిగి చదవలేడు, తనది అనిపించదు కూడా. చదివాక అందులో ఒక్క వాక్యం చూసి రాస్తాడు. చూచిరాతే, కానీ సొంత వాక్యం.

ఇద్దరూ కలిసి చేయడానికి గింజల పుస్తకం బాగుంటుంది. మూడు చిక్కుడు గింజలు రాత్రంతా నానబెట్టి, గాజు గ్లాసు గోడకూ తడి దూదికీ మధ్య ఉంచండి. రోజూ బాబు బొమ్మ గీస్తాడు, పాప వేరు పొడవు సెంటీమీటర్లలో కొలిచి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా రెండు వాక్యాల్లో రాస్తుంది. ఎండకు దూది త్వరగా ఆరుతుంది, రోజూ తడి చూడాలి. గింజ నీళ్లలో మునిగితే కుళ్లుతుంది, ఒకటి పోయినా మిగతావి ఉంటాయని మూడు పెట్టమన్నది. కుళ్లినా అది కూడా రాయించండి.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగంగా ఉందండి. మరి తప్పులు? బాబు 'పిల్ల'ను 'పిల' అని, 'నేల'ను 'నెల' అని రాస్తాడు. ప్రతిదీ దిద్దితే మొహం ముడుచుకుంటున్నాడు.

జవాబు 3

పది తప్పులున్నా ఆ వారానికి ఒకే రకం తీసుకోండి. మొదట దీర్ఘాలు, తర్వాత వత్తులు. బ-భ, ద-ధ తేడాలు ఇప్పుడు వదిలేయండి. మాట్లాడేటప్పుడు మనమే స్పష్టంగా పలకం, వినపడని తేడాను పిల్లవాడు ఎలా రాస్తాడు?

ఎర్ర పెన్ను వద్దు. తప్పున్న వరుస చివర పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, 'ఇక్కడ ఒక వత్తు పోయింది, వెతుకు' అనండి. రాసింది గట్టిగా చదివించండి. 'నెల', 'నేల' పక్కపక్కన పలికించి, దీర్ఘానికి చేయి చాపమనండి. 'గుడి', 'గుడ్డి' పలికించి వత్తు దగ్గర చప్పట్లు కొట్టమనండి. వత్తు వదిలేసే పిల్లల్లో చాలామందికి ఆ నొక్కు చెవికి ఆనదు, చేతితో చేస్తే పట్టుబడుతుంది. కథలో, డైరీలో మాత్రం రాస్తుండగా ఆపొద్దు, మర్నాడు చూడండి.

జవాబు 4

రాసినవాటిని చిన్న పుస్తకం చేయించండి. ఒక్క కాగితంతో ఎనిమిది పేజీలొస్తాయి. మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గడులు పడతాయి. ఇప్పుడు పొడవు సగమయ్యేలా ఒక్కసారి మడిచి, ఆ మడత అంచు నుంచి మధ్య గీత మీదుగా, అడ్డగీత దాకా మాత్రమే కత్తిరించండి. విప్పి, ఈసారి వెడల్పు సగమయ్యేలా నిలువుగా మడిచి, రెండు చివరలూ లోపలికి నెడితే కోత తెరుచుకుని పుస్తకంలా ముడుచుకుంటుంది. కోత అడ్డగీత దాటితే పేజీలు విడిపోతాయి.

ఏ4తో చేస్తే పేజీ ఏ7, అంటే అందులో ఎనిమిదో వంతు అవుతుంది, బాబు అక్షరాలకు ఇరుకు. దానికి రెట్టింపుండే ఏ3 తీసుకోండి. మడిచాకే రాయించాలి, ముందే రాస్తే సగం పేజీలు తలకిందులవుతాయి. ప్రతి ఆకూ రెండు పొరలుగా ఉంటుంది కాబట్టి స్కెచ్ పెన్నులు వాడినా ఇబ్బంది ఉండదు. అట్టకు ఒక పేజీ, వెనక అట్టకు ఒకటి పోను ఆరు మిగులుతాయి. పడవ మెట్లు ఆరు, పేజీకొకటి చొప్పున సరిగ్గా సరిపోతాయి.