కారు ఆయిల్ ఇంట్లో మార్చాలి, ఫిల్టర్ ఊడట్లేదు

అందరికీ నమస్కారం. మాది పాత పెట్రోల్ స్విఫ్ట్. ఈసారి ఇంజిన్ ఆయిల్ నేనే మార్చుకుందామని 5డబ్ల్యూ-30 సింథటిక్ డబ్బా, కొత్త ఫిల్టర్, డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ తెచ్చిపెట్టాను. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద దూరేంత ధైర్యం లేదు, స్టాండ్లు అరువు తెస్తున్నాను.

చిక్కల్లా ఫిల్టర్‌తోనే. పోయినసారి మెకానిక్ ఎంత బిగించాడో గానీ, చేత్తో తిప్పితే కదలట్లేదు. స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పేయమని పక్కింటాయన సలహా. రేకు చిరిగి సగంలో ఆగిపోతే కారు ఇంట్లోంచి కదలదు కదా, అదీ నా టెన్షన్. చెయిన్ రెంచి సరిపోతుందా, లేక ఫిల్టర్‌కి టోపీలా పట్టే సాకెట్ కొనాలా? కొత్తది బిగించేటప్పుడు రబ్బరు ఆనాక ముప్పావు చుట్టు చాలంటున్నారు. మీరెంత తిప్పుతారు?

ఇంకోటి, పాత ఆయిల్ మూడు లీటర్ల దాకా వస్తుంది. కాలవలో పోయలేను. చెదలు పట్టకుండా కర్రలకి పూసుకుంటామని ఒకరిద్దరు అడిగారు, అదీ నాకిష్టం లేదు. విజయవాడలో ఇలాంటి ఆయిల్ తీసుకునేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా?