సహస్రనామం ఎవరు చదవొచ్చు? గుణుపురం నుంచి ఒక ప్రశ్న

వంశధార గట్టు:
ఒడిశాలోని గుణుపురంలో మా వీధి రామమందిరంలో మార్గశిరం నుంచి ప్రతి ఏకాదశికీ విష్ణుసహస్రనామం కలిసి చదవాలనుకుంటున్నాం. పాతికమందిమి. అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు, ఆడవాళ్ళూ ఉన్నారు. ఒక పెద్దాయన అడ్డు చెబుతున్నారు. "మీరు వినొచ్చు, నోటితో చదవకూడదు, శంకరాచార్యులే భాష్యంలో రాశారు" అంటున్నారు. నిజంగా అలా ఉందా? ఆ వెనక వేదంలోని పురుషసూక్తం కూడా నేర్చుకోవాలని కొందరి కోరిక. ఇంకో చిక్కేమిటంటే, పిల్లల్లో సగంమంది ఒడియా బడివాళ్ళు. తెలుగు మాట్లాడతారు గానీ చదవడం రాదు.

పర్లాకిమిడి పంతులు:
పెద్దాయన కల్పించి చెప్పలేదండి. ఫలశ్రుతిలో "వేదాంతగో బ్రాహ్మణః స్యాత్" అని మొదలై "శూద్రః సుఖమవాప్నుయాత్" అని ముగిసే శ్లోకం ఉంది కదా, అక్కడ శంకరభాష్యం ఆ సుఖం "శ్రవణేనైవ" అంటుంది. అంటే వినడంవల్లనే, జపయజ్ఞంవల్ల కాదని. అది భాష్యం మాట. మూలంలో "య ఇదం శృణుయాన్నిత్యం యశ్చాపి పరికీర్తయేత్" అని ఉంది. వినేవాడికీ కీర్తించేవాడికీ ఫలం చెప్పింది గానీ, ఏ వర్ణం వినాలో ఏది కీర్తించాలో పంచిపెట్టలేదు. రామాయణం బాలకాండ మొదటి సర్గ చివరి శ్లోకమైతే మరీ సూటిగా ఉంటుంది. "పఠన్ ద్విజో వాగృషభత్వమీయాత్" అని ఎత్తుకుని "జనశ్చ శూద్రోఽపి మహత్త్వమీయాత్" అని దింపుతుంది. మొదట ఉన్న "పఠన్" (చదివితే) ఒక్కటే నాలుగు వర్ణాలకీ అన్వయం.

వేదాధ్యయనం సంగతి వేరు. బ్రహ్మసూత్రాల్లో అపశూద్రాధికరణం (1-3-34 నుంచి 38 వరకు) వాదన ఇదీ: ఉపనయనం లేదు గనక అధ్యయనం లేదు, అధ్యయనం లేదు గనక వేదంద్వారా వచ్చే విద్యలో అధికారం లేదు. చెవుల్లో సీసం పోయాలనే గౌతమస్మృతి వాక్యాన్ని శంకరులు ఎత్తి చూపింది కూడా ఇక్కడే. దాన్ని దాచిపెట్టి మాట్లాడటం నాకు నచ్చదు. అయితే అదే అధికరణం చివర "శ్రావయేచ్చతురో వర్ణాన్" (నాలుగు వర్ణాలకీ వినిపించాలి) అనే భారతవాక్యం చూపి, ఇతిహాస పురాణాల్లో నాలుగు వర్ణాలకీ అధికారం ఉందని ఆయనే ఒప్పుకున్నారు. సహస్రనామం భారతం అనుశాసనపర్వంలోది, అంటే ఇతిహాసమే. నిశ్చింతగా చదవండి.

సంత చెప్పేవాడు:
పురుషసూక్తం దగ్గర కులం ఊసు ఎత్తకముందే స్వరం (గొంతు ఎత్తడం, దించడం) అడ్డొస్తుంది. ఋగ్వేదంలో (10-90) 16 ఋక్కులు, మన వైపు చదివే తైత్తిరీయారణ్యక పాఠంలో 18 మంత్రాలు. అక్షరం కింద అడ్డగీత అనుదాత్తం, పైన నిలువుగీత స్వరితం, ఏ గీతా లేకపోతే చాలావరకు ఉదాత్తం. యూట్యూబ్‌లో రాగం కట్టి పాడినవి వింటూ నేర్చుకుంటే ఈ మూడూ కొట్టుకుపోతాయి. గురువు ఒకసారి, శిష్యులు రెండుసార్లు, అలా సంత చెప్పుకోవాల్సిందే. రోజుకి ఒక్క మంత్రం చాలు. ఉచ్చారణ గురించి చెప్పే పాణినీయశిక్ష అధమ పాఠకులు ఆరుగురంటుంది: రాగంతీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, కాగితం చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. ఈ ఆరుగురిలో శూద్రుడు లేడు, గమనించండి.

సిరొంచ మాస్టారు:
లేకపోవడానికి కారణం ఔదార్యం కాదండీ. వేదం చదివేది ద్విజుడే (ఉపనయనం అయినవాడే) అన్నది ఆ జాబితా రాసినవాళ్ళకి చెప్పనక్కర్లేని సంగతి. వాదనకి అంతకన్నా గట్టిది గీతలో దొరుకుతుంది. 18వ అధ్యాయంలో 41 నుంచి వర్ణాల కర్మలు వరసపెట్టి చెప్పి, 67లో ఈ మాట ఎవరికి చెప్పకూడదో చెప్పాడు. తపస్సు లేనివాడికి, భక్తి లేనివాడికి, వినాలని లేనివాడికి, నన్ను నిందించేవాడికి అన్నాడు. వర్ణాల గురించి అప్పుడే మాట్లాడినవాడు ఇక్కడ వర్ణం పేరెత్తలేదు.

మా మహారాష్ట్రలో ఈ గొడవకి "వేదోక్త, పురాణోక్త" అని పేరే ఉంది. 1899లో కొల్హాపూర్‌లో పంచగంగా స్నానం దగ్గర పురోహితుడు శాహూ మహారాజుకి వేదమంత్రం కాక పురాణమంత్రం చదివాడు, ఆయన శూద్రుడన్న లెక్కన. మాట వినని రాజోపాధ్యాయుడి ఇనాములు మహారాజు వెనక్కి తీసుకున్నాడు. ఛత్రపతికే తప్పలేదు!

ఇంకొకటి. మీ మందిరం అందరూ వచ్చిపోయేదైతే, అస్పృశ్యత పేరుతో ఒకరిని లోపలికి రానివ్వకపోయినా, తక్కినవాళ్ళలా పూజ, పారాయణ చేయనివ్వకపోయినా 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 3వ సెక్షన్ కింద నేరం. పెద్దాయనకి మర్యాదగానే చెప్పండి.

బరంపురం లక్ష్మివారం:
మార్గశిరం అన్నారు కాబట్టి ఒక మాట. అక్కడి ఒడియా ఇళ్ళలో ప్రతి లక్ష్మివారం (గురువారం) మాణబసా, అంటే లక్ష్మీపూజ, పెట్టి, ముగ్గు వేసి, ఆడవాళ్ళే లక్ష్మీపురాణం చదువుతారు. బలరామదాసు రాసింది. శ్రియా అనే చండాలస్త్రీ ఇంటికి లక్ష్మి వెళ్ళిందని బలభద్రుడు తమ్ముడు జగన్నాథుడిచేత ఆమెను గుడినుంచి వెళ్ళగొట్టించడం, అన్నదమ్ములిద్దరూ పన్నెండేళ్ళు తిండికి మొహంవాచిపోవడం అందులో కథ. "ఆడవాళ్ళు చదవొచ్చా" అనేవాళ్ళని ఒక లక్ష్మివారం ఆ వీధుల్లో తిప్పితే సరి.

మీ అసలు ఇబ్బంది లిపి. ఒడియా అక్షరాల్లో అచ్చువేస్తే "వ", "బ" రెండూ ఒకే అక్షరంతో పడతాయి. పలుకుబడిలో శ, ష, స మూడూ "స" అవుతాయి. నాలుగో శ్లోకంలో "సర్వః శర్వః శివః స్థాణుః" అని ఉంది. పిల్లల నోట్లో మొదటి రెండు నామాలూ "సర్బ సర్బ" అయిపోతాయి. ఒడియా ప్రతిలో "వ" ఉన్నచోటల్లా ఎర్ర చుక్క, "శ" ఉన్నచోట నీలం చుక్క పెట్టించండి. తెలుగు పిల్లలకి వేరే జబ్బు: "భూతభృత్"ని "బూతబృత్" అనేస్తారు. వత్తులు విడిగా పలికించాలి.

వంశధార గట్టు:
చాలా ఉపకారం. ఎన్నాళ్ళు పడుతుంది? ఎక్కడ తప్పులు పోతాయి?

సంత చెప్పేవాడు:
నామశ్లోకాలు 107, ఆ పైన "వనమాలీ గదీ శార్ఙ్గీ". వారానికి ఇరవై చొప్పున ఆరు వారాలు పెట్టుకోండి. పూర్వపీఠిక, ఫలశ్రుతి కలిపితే ఒక పారాయణకి సుమారు అరగంట. అనుష్టుప్ కాబట్టి పాదానికి 8 అక్షరాలు, ఊపిరి 16 దగ్గర తీసుకోవాలి. పాతికమంది చదివేటప్పుడు ఎవరికి వాళ్ళు మధ్యలో ఆగితే నామం విరుగుతుంది. రెండో శ్లోకంలో "క్షేత్రజ్ఞోఽక్షర ఏవ చ" దగ్గర నామం అక్షరుడు, నాశం లేనివాడు. నామావళిగా విడగొట్టేవాళ్ళు అక్కడ "క్షరాయ నమః" అనేస్తుంటారు, అర్థం తలకిందులవుతుంది. "క్షరం" అనే నామం లేకపోలేదు, కానీ అది "సదసత్క్షరమక్షరం" దగ్గర వస్తుంది. విసర్గ ముందున్న అచ్చుని అనుసరిస్తుంది: "ప్రభుః" అంటే ప్రభుహు, "హరిః" అంటే హరిహి. మొదటి రెండు వారాలూ పుస్తకాలు మూయించి, చెవితోనే నేర్పండి.